రెండు తలుపుల ఇంపాలా

మగవాళ్లు ముగ్గురు ఒకచోట చేరి కార్ల గురించి మాట్లాడుకుంటుంటే పక్కనే కొంప కాలుతున్నా వాళ్లకు పట్టదు. ఆ ముగ్గురిలో ఒక్కడికి కూడా కారు కొనే తాహతు లేకపోతే ఇక చెప్పనే అక్కరలేదు, ఆ చర్చకు అంతూ పొంతూ ఉండదు. ఎనభైల చివర్లో రామన్నపేటలో, అబ్దుల్ హమీద్ ఇంటి వసారాలో ప్రతి సాయంత్రం జరిగింది ఇదే. హమీద్ కొడుకు లియాఖత్ అలీ, జెద్దాలో కొన్నాళ్లు పనిచేసి వచ్చిన ఖమర్, మగ్గాల వాడలో ఉండే దశరథం చాప పరుచుకుని కూర్చునేవారు. కార్ల కంపెనీలు తమ తీర్పు కోసమే కాచుకుని ఉన్నట్టు ఏది మేలో ఏది కాదో తేల్చేవారు.

గోడకు ఇవతల, లోపలి గదిలో హమీద్ భార్య జులేఖా కూర్చుని అదంతా వినేది. వినక ఆమె చేయగలిగింది కూడా ఏమీ లేదు. భర్త పోయి ఇద్దత్‌లో ఉంది. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పైచిలుకు గడప దాటకూడదు, పరాయి మగవాడి ఎదుట పడకూడదు. ఆ ఇంట్లో ఉర్దూ, తెలుగు కలిసే నడిచేవి గానీ, దశరథం ఉన్నాడంటే అందరూ తెలుగులోకే దిగేవారు.

"రెండు తలుపుల బండి ముంగట నాలుగు తలుపుల బండి ఏం పనికొస్తదిర," అనేవాడు ఖమర్. "జెద్దాల షేకుల పోరగాండ్లు నడుపుతుంటరు, చూడాలె. కిందికి, సాపుగ, వేటకుక్క లెక్క ఉంటది. కాలు పెట్టంగనే గుర్రుమని లేస్తది. పెద్ద బండ్లు ముసలోళ్లకు."

"లేస్తె ఏమొస్తది, నడుము నొప్పి గాకపోతె," అనేవాడు దశరథం. "బండంటే ఎక్కినోనికి నిద్ర రావాలె. గుంతల పడ్డా లోపల చాయ్ గిలాస తొణకొద్దు. కాళ్లు చాపుకోనికి జాగా ఉండాలె. పెద్దమనుషులు పెద్ద బండ్లు ఉత్తగనే కొంటున్నరా?"

"పెద్దమనుషులు గాదు, పెద్ద బొజ్జలోళ్లు."

ఖమర్ జెద్దా నుంచి బంగారం తేలేదు, టేపు రికార్డరు తేలేదు. కార్ల బొమ్మలున్న రంగు పుస్తకాలు పెట్టెడు తెచ్చాడు. ఆ బొమ్మలు చూపించి వాడు ఒకటంటే, మగ్గానికి డిజైన్లు గీసే దశరథం వాటి మీదే వేలు పెట్టి ఇంకొకటి అనేవాడు. లియాఖత్ మాత్రం ఇటూ అటూ ఊగేవాడు. "మా ఇంపాలా పెద్ద బండే గని..." అని నిట్టూర్చి ఆగిపోయేవాడు. జులేఖా ఆ నిట్టూర్పు విని, తండ్రి గుర్తొచ్చి ఉంటాడులే పాపం అనుకునేది. కన్నతల్లి కదా, బిడ్డ నిట్టూరిస్తే మంచి కారణమే వెతుకుతుంది.

ఆ ఇంపాలా సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లో ఏదో నవాబుల ఇల్లు చితికిపోయి సామాను అమ్ముకుంటుంటే హమీద్ ఆ అమెరికా బండిని తెచ్చుకున్నాడు. పెట్రోలు తాగి ఇల్లు గుల్ల చేస్తుందని డీజిల్ ఇంజన్ వేయించాడు. ముందు నుంచి చూస్తే నవాబు, చెవి పెట్టి వింటే పిండిగిర్ని. అయినా ఆ వెనక సీటు ఉందే, అది సీటు కాదు, పట్టెమంచం. ఐదుగురు ఆడవాళ్లు కూర్చుని ఇద్దరు పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్నా ఇంకా తమలపాకుల పెట్టెకు చోటుండేది.

హమీద్ ఆ బండిని మగవాళ్లకు కిరాయికి ఇవ్వలేదు. పర్దా పాటించే ఇళ్ల ఆడవాళ్ల కోసమే నడిపాడు. ఆడవాళ్లు పరాయి మగవాడి వెంట ఒంటరిగా ఎట్లా పోతారని ఎవరైనా అడుగుతారని, వెనక సీట్లో వాళ్లతోపాటు జులేఖాను కూర్చోబెట్టేవాడు. బండిని ఇంటి గడప దాకా వెనక్కి తెచ్చి, వెనక తలుపు బార్లా తెరిచేవాడు. తెరిచిన తలుపు ఒక పక్క అడ్డం, జులేఖా పట్టుకున్న చద్దరు ఇంకో పక్క అడ్డం. ఇంట్లోంచి వచ్చిన మనిషి వీధిలో ఎవరి కంటా పడకుండా రెండడుగుల్లో సీటు మీద ఉండేది. తలుపు పడ్డాక కిటికీలకు పరదాలు. ఊరి పొలిమేర దాటగానే బురఖాల ముసుగులు వెనక్కి పోయేవి, నవ్వులు బయటికి వచ్చేవి.

దవాఖానకు పోయేవాళ్లు, పుట్టింటికి పోయేవాళ్లు, మొక్కులవాళ్లు అందరికీ అదే బండి. ఆలంపూర్ అంటే ఇటు దర్గాకు పోయే బీబీలూ, అటు జోగులాంబకు పోయే మగ్గాల వాడ ఆడవాళ్లూ ఒకే సీట్లో ఇరుక్కునేవారు. బీచుపల్లి వంతెన మీద కృష్ణలోకి పైసలు విసరడానికి పక్కింటి యాదమ్మ చెయ్యి బయటపెడితే, జులేఖా ఆమె కోసం పరదా పట్టుకునేది. పద్దెనిమిదేళ్లకు కాపురానికొచ్చి వంటింట్లోనే ముసలిదైపోవలసిన మనిషి, ఆ సీటు పుణ్యమా అని రెండు జిల్లాలు చూసింది. అందరూ దాన్ని బీబీల బండి అనేవారు. ఆ పేరు వింటే జులేఖాకు గర్వంగా ఉండేది, అప్పుడప్పుడు తండ్రి బదులు నడిపే కొడుక్కి మాత్రం తల కొట్టేసినట్టుండేదని ఆమెకు తెలియదు.

ఇద్దత్ ఇంకొన్నాళ్లలో తీరుతుందనగా యాదమ్మ ఒక కబురు తెచ్చింది.

"బీబమ్మా, బత్తాయి తోటలు గుత్తకు పడుతడు చూడు బాబా మియా, ఆయన కోడలు రబియా మస్తు ఏడుస్తాంది. ఆలంపూర్ల వాళ్లమ్మ మంచం పట్టిందట. అన్నం ముడుతలేదట, బిడ్డను చూపియ్యుండ్రి అనుడొక్కటేనట. బస్సుల పంపనంటడు మామ. మొగడేమో లారీ మీద బొంబాయి దిక్కు పోయిండు. జులేఖా బండి తిరిగినప్పుడు చూద్దాం అంటడట."

"నా ఇద్దత్ తీరినంక మొదటి ఫేరా రబియాదే అని చెప్పు," అంది జులేఖా. "పొద్దుగాల్నే తయారుగుండమను. నేను పక్కన కూసుండి తీస్కపోత. బాబా భాయ్‌కి గూడ గిదే మాట చెప్పు."

యాదమ్మ పోయి చెప్పింది. బాబా మియా సరేనన్నాడు. ఆ అమ్మాయి ఆ రోజు నుంచి బట్టల సంచి సర్దుకుని కూర్చుందట. జులేఖా కూడా ఊరకే కూర్చోలేదు. నీలం గుడ్డ తెప్పించి వెనక కిటికీలకు కొత్త పరదాలు కుట్టింది. బండి ఏదని కొడుకును అడిగితే, "నల్లగొండ షెడ్డుల ఉన్నదమ్మీ. రంగేపిస్తున్న. నువ్వు బయటికొచ్చేసరికి కొత్తగ ఉంటది చూడు," అన్నాడు. జులేఖా కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రి బండి మీద బిడ్డకెంత ప్రేమ అనుకుంది. వసారాలో తలుపుల లెక్కలు, సీటు వంపులు, రేకు కోతల మాటలు విన్నది కూడా ఆ రోజుల్లోనే. అవన్నీ జెద్దా షేకుల బండ్ల ముచ్చట్లే అనుకుని చెవిన వేసుకోలేదు.

ఇద్దత్ తీరిన పొద్దున యాదమ్మ నీళ్లు కాచి పోసింది. జులేఖా తలస్నానం చేసి, బురఖా వేసుకుని, రొట్టెల మూట కట్టుకుని, పరదాలు చంకలో పెట్టుకుని గడపలోకి వచ్చింది. ఎండ మొహాన కొట్టి కళ్లు చిట్లించింది. వీధి మలుపులో హారన్ మోగింది. ఇంపాలా వచ్చి ఇంటి ముందు ఆగింది.

గోధుమ రంగు పోయింది. నిప్పులాంటి ఎరుపు, పక్కలకు నల్ల చార. సరే, కుర్రవాడి సరదా, అనుకుంది జులేఖా. ఇన్నేళ్ల అలవాటు మీద నేరుగా వెనక్కి నడిచి తలుపు తీయబోయింది. చేతికి పిడి తగల్లేదు. చెయ్యి నున్నటి రంగు మీద జారిపోయింది. ఇంకొంచెం ముందుకు, ఇంకొంచెం వెనక్కి తడిమింది. అక్కడ తలుపు లేదు. తలుపు ఉండవలసిన చోట రేకు అతికి, పూత పూసి, గోడలాగా మూసేశారు.

"గటు గాదమ్మీ, ముంగటికెల్లి ఎక్కాలె," అన్నాడు లియాఖత్. వాడి మొహం దీపావళిలా వెలుగుతోంది. ఖమర్, దశరథం కూడా దిగి, పెళ్లికొడుకు పక్కన తోడుపెళ్లికొడుకుల్లా నిలబడ్డారు.

"అమెరికాల గీ ఇంపాలానే రెండు తలుపులది వస్తది ఖాలా," అన్నాడు ఖమర్. "బుక్కుల బొమ్మున్నది. అచ్చం గట్లనే చేపిచ్చినం. రామన్నపేట కాదు, నల్లగొండ జిల్లా మొత్తంల గిసొంటి బండి లేదు."

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అని ఊరికే అనలేదు పెద్దలు. అమెరికా వాడు రెండు తలుపుల బండి చేస్తే దానికి తగ్గట్టు తలుపు పొడుగు చేస్తాడు, సీటు మడిచే ఏర్పాటు చేస్తాడు. వీళ్లు చేసింది ఉన్న రెండు తలుపులు మూసేయడం ఒక్కటే. ముందు తలుపు ఎంత ఉండేదో అంతే ఉంది. సోఫాలాంటి ముందు సీటు పీకేసి, ఏదో తుక్కు బండి నుంచి తెచ్చిన ఒంటి సీట్లు రెండు బిగించారు. ఒక సీటు వంచి, ఆ సందులోంచి దూరి వెనక్కి పోవాలి.

జులేఖా రొట్టెల మూట యాదమ్మ చేతికిచ్చింది. మొదట ఎక్కి చూద్దామనుకుంది. రబియా వచ్చే వేళ అయింది. ఖమర్ సీటు వంచి పట్టుకుంటే, అరిగిన మోకాళ్లతో, బురఖా ఎక్కడెక్కడో తట్టుకుంటూ, కోడిపెట్ట గంపలో దూరినట్టు వెనక్కి దూరింది. కూర్చున్నాక చూస్తే మోకాళ్లు ముందు సీటుకు తగులుతున్నాయి. కిటికీలు ఉండవలసిన చోట ముక్కోణం అద్దాలు బిగించేశారు. అవి దిగవు. పరదా కట్టడానికి తీగె లేదు. పొద్దుటి ఎండకే లోపల పొయ్యి మీద కూర్చున్నట్టుంది. ఖమర్ సీటు వెనక్కి నెట్టేసి, ఎట్లుంది ఖాలా అని కూడా అడగకుండా దశరథం వైపు తిరిగాడు.

అప్పుడే బాబా మియా వచ్చాడు. వెనకాల సంచి పట్టుకుని రబియా. బండిని చూసి అక్కడే ఆగిపోయాడు.

"గిదేంది?"

"స్పోర్ట్స్ మాడల్ చాచా," అన్నాడు ఖమర్ గొప్పగా.

"ఆడోళ్లు యాడికెల్లి ఎక్కుతరు?"

"ముంగటి సీటు వంచి ఎక్కుడే. అలవాటైతది."

బాబా మియా బండిని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. ఆ ఎరుపును చూశాడు, నల్ల చారను చూశాడు, బండి చుట్టూ నిలబడ్డ ముగ్గురు జవాన్లను చూశాడు. "బజార్ల నిలబడి, డ్రైవర్ పక్కపొంటి వంగి దూరి ఎక్కాల్నా మా ఇంటి కోడలు? హమీద్ ఉన్నన్ని దినాలు గిది షరీఫుల, మర్యాదగల్లోళ్ల బండి. ఇప్పుడు సర్కస్ బండి జేసిండ్రు. నడువు బేటీ."

రబియా కదల్లేదు. ముసుగులోంచి బండి వైపే చూస్తూ నిలబడింది. "అబ్బాజాన్, అమ్మకు..." అని ఏదో అనబోయింది.

"నడువంటున్న గద. నీ మొగడు రానీ, చూద్దాం."

లోపల జులేఖా ఇదంతా వింటోంది. "బాబా భాయ్, ఆగు," అంటూ అద్దం మీద కొట్టింది. సీటు తోసింది. సీటు ముందుకు వంగదు. బయట నుంచి ఎవరో మీట లాగితేనే వంగుతుంది. ఆ మీట లాగవలసిన మహానుభావులు అప్పుడు ఏం చేస్తున్నారంటే, వాదించుకుంటున్నారు. "చూసినవా, నేను ముందే చెప్పిన, ఫ్యామిలీలకు పెద్ద బండే కావాలె అని," అంటున్నాడు దశరథం. "గాయన ముసలోడు, గాయనకేం తెల్వది," అంటున్నాడు ఖమర్. లియాఖత్ ఇద్దరి మధ్యా బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. ముగ్గురిలో ఒక్కడు లోపలికి చూడలేదు. చివరికి యాదమ్మ చూసి, "ఓ పోరగాండ్లు, బీబమ్మ లోపల ఉక్కిరిబిక్కిరైతాంది," అని కేకేస్తే వచ్చి మీట లాగారు. అది సగం వంగి పట్టేసింది. గుంజి, తన్ని, తిట్టి, దాన్ని వంచి జులేఖాను బయటికి లాగేసరికి మామా కోడళ్లు వీధి మలుపు తిరిగిపోయారు.

జులేఖాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడు పోయినప్పుడు ఆమె ఏడ్చింది గానీ ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. దేవుడి మీద కూడా తెచ్చుకోలేదు. ఇన్ని నెలలు గదిలో కూర్చున్నప్పుడు విసుక్కోలేదు. ఆ దాచిన కోపమంతా ఇప్పుడు ఒక్కసారి లేచి గొంతులోకి వచ్చింది.  

"తలుపులేవి?" అంది కొడుకుతో.

"షెడ్డుల తుక్కుకేసిండ్రమ్మీ."

"తుక్కుకా."

"అమ్మీ, జర నా మాట విను. అందరు బీబీల బండి, బీబీల బండి అంటరు. బస్టాండ్ల నన్ను పర్దా డ్రైవర్ అని పిలుస్తరు. పిల్లనిచ్చేటోడు గూడ నవ్వుతడు. నాకు ఇజ్జత్ లేదా?"

"నీ ఇజ్జత్ కోసం నా జాగా కోసి తుక్కుల పారేసినవ్," అంది జులేఖా. "మీ అబ్బా గా తలుపు తెరిచి పట్టుకునుడే ఇజ్జత్ అనుకున్నడు. ఎంతమంది తల్లులు గా తలుపులకెల్లి దవాఖానకు పోయి బిడ్డలను ఎత్తుకొని వచ్చిండ్రో నీకెరుకనా? నువ్వు గూడ గట్లనే వచ్చినవ్. నల్లగొండ దవాఖాన నుంచి గా సీటు మీద పండబెట్టుకొని తెచ్చిన నిన్ను."

లియాఖత్ తల దించుకున్నాడు. ఖమర్ సర్దిచెప్పబోయాడు. "ఖాలా, ఇప్పుడు దునియల అందరు..."

"నువ్వు మాట్లాడకు. కూసే గాడిదొచ్చి మేసే గాడిదను చెడగొట్టినట్టు నా కొడుకును చెడగొట్టినవ్. జెద్దాల షేకుల బండ్లు కడిగినవ్, మంచిదే, కష్టం చేసినవ్. గని గా షేకు ఇంట్ల ఆడోళ్లు ఏ బండిల పోతరో ఎన్నడన్న చూసినవా? గా చిన్న బండిల పోతరా? చెప్పు."

 ఖమర్‌కు తెలుసు. షేకు ఇంటి ఆడవాళ్లు వెనక తలుపులున్న పెద్ద బండ్లలోనే పోతారు, నల్ల అద్దాలతో. ఆ బొమ్మ మాత్రం వాడి పుస్తకాల్లో లేదు.

జులేఖా దశరథం వైపు తిరిగింది. "నువ్వు రోజూ పెద్ద బండే మేలంటివి గద. గోడ ఇవతల అన్నీ విన్న. మరి రేకు కోస్తాంటే ఏం చేసినవ్?"

"నేను వద్దనే అన్ననమ్మా," అన్నాడు దశరథం నేల చూస్తూ. "మల్ల ఎట్లాగూ కోస్తున్నరు గద, సక్కగ రావాలని గీత నేనే గీసిచ్చిన."

"గీత గీసిచ్చినవ్. మీ అవ్వ మోకాళ్లు పట్టుకుని జోగులాంబ తల్లికి ఒడిబియ్యం పోస్తనని ఏడిస్తే ఏ బండిల తీస్కపోయిన? గీ బండిలనే. గామె కాలు ఎత్తలేకపోతే వెనక తలుపు కాడ నేనూ యాదమ్మ చెరో రెక్క పట్టి ఎక్కిచ్చినం. ఇప్పుడు గామెను గీ సందులకెల్లి ఎక్కియ్యి చూద్దాం. ఉరుకుతదంటరు, నిద్రొస్తదంటరు, చాయ్ తొణకదంటరు. నెలల సంది విన్న మీ లొల్లి. అండ్ల వెనక ఎవరు కూసుంటరు అన్న మాట ఒక్కడు అనలే. మీ ఇద్దరిలో ఎవడు గెలిచినా కూసునేది మీరే, కాళ్లు చాపుకునేది మీరే."

 

జులేఖా చంకలోని పరదాలను దశరథం భుజం మీద పడేసింది. రొట్టెల మూట యాదమ్మ చేతిలోంచి తీసుకుంది. ముందు తలుపు తీసి, డ్రైవర్ పక్క సీట్లో కూర్చుంది.

"నడుపు," అంది కొడుకుతో.

"ముంగటనా?" లియాఖత్ నోరు తెరిచాడు. "అమ్మీ, గిప్పుడే ఇద్దత్ తీరింది. బజార్ల అందరు చూస్తరు."

"చూడని. వెనక తలుపు నువ్వే మూసినవ్ గద. ఇంక నాకు జాగా యాడున్నది?"

లియాఖత్ ఎక్కి బండి తీశాడు. ఎర్ర ఇంపాలా రామన్నపేట బజారులోంచి పోయింది. చాయ్ హోటలు బల్లల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. బట్టల దుకాణంలో కొలుస్తున్న గజం బద్ద ఆగిపోయింది. ఇన్నేళ్లుగా ఆ బండిలో ఊరంతా తిరిగిన జులేఖాను ఆ బజారు ఏనాడూ చూసి ఎరగదు. ఇప్పుడు చూసింది. ముసుగు వెనక్కి వేసుకుని, పళ్లు బిగబట్టి, తిన్నగా ముందుకు చూస్తూ కూర్చున్న మనిషిని చూసింది. ఇంకో రోజైతే ఆమె సిగ్గుతో చచ్చిపోయేది. ఆ రోజు సిగ్గుపడడానికి కోపం చోటివ్వలేదు. పక్కన కొడుకు చెమటలు కక్కుతున్నాడు. వాడు కలగన్నది ఈ బండిలో బజారులో పోతుంటే జనం కళ్లప్పగించి చూడాలనే. ఆ కోరిక మాత్రం తీరింది.

బాబా మియా ఇంటి ముందు బండి ఆగింది. ఆయన అరుగు మీద కూర్చుని బత్తాయి గంపలు కట్టిస్తున్నాడు. జులేఖా చెయ్యి చాపి హారన్ మీద పెట్టి తీయలేదు.

"రబియా," అని పిలిచింది. "సంచి పట్టుకొని రా బిడ్డా."

బాబా మియా గబగబా దిగి వచ్చాడు. ముందు సీట్లో ఆమెను చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. "భాభీ, గిదేం పని? హమీద్ ఆత్మ ఏమనుకుంటది?"

"హమీద్ ఉంటే మొదలు నా కొడుకును తంతడు. తర్వాత నీ కోడలును ఆలంపూర్ తీస్కపోతడు. తన్నుడు నేను తర్వాత చూసుకుంట. ముందు పోవాల్సింది గా తల్లి దగ్గరికి. పిల్ల పక్కన నేనుంట అని మాటిచ్చిన. నువ్వు సరే అన్నవ్."

"గా బండి వేరు, గీ బండి వేరు. పదిమంది ఏమంటరు?"

"గా పదిమంది రబియా వాళ్లమ్మకు ఇంత గంజి పోసిండ్రా? పానం పొయ్యేటప్పుడు బిడ్డను చూడాలన్నది గామె. గా పదిమందిని కాదు."

"భాభీ, గిది మా ఇంటి సంగతి. పిల్ల మొగడు వస్తడు, గప్పుడు చూద్దాం."

"మొగడొచ్చినంక ఏం చూస్తవ్, మట్టిని చూస్తవా?" అంది జులేఖా.

ఆ మాట గడపలో పరదా వెనక నిలబడ్డ రబియా చెవిన పడింది. జులేఖా బండి దిగింది. సీటు మీట పట్టుకుని కసిదీరా ఒక్క తాపు తన్నింది. పొద్దున ముగ్గురు మగవాళ్లకు లొంగని సీటు ఆ తాపుకు నోరు మూసుకుని వంగింది. ఆమె రబియా వైపు చూసింది. రమ్మని మళ్లీ అనలేదు. ఇది ఆ అమ్మాయి కాళ్లతోనే జరగాలి.

రబియా మామ వైపు చూసింది. తర్వాత బండి వైపు చూసింది. సంచి గట్టిగా పట్టుకుని, మెట్లు దిగి, వీధిలో అందరూ చూస్తుండగానే వంగి, ఆ సందులోంచి వెనక్కి దూరింది. జులేఖా సీటు వెనక్కి నెట్టి, దాని మీద కూర్చుని, తలుపు వేసింది.

బాబా మియాకు ఒక్క క్షణం ఏం జరిగిందో అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "దిగు," అంటూ వెనక్కి వెళ్లి తలుపు తీయబోయాడు. చెయ్యి నున్నటి రంగు మీద జారింది. అటు వెళ్లాడు. అటూ అంతే. అద్దం మీద కొట్టాడు. లోపల రబియా సంచిని గుండెలకు అదుముకుని ఇంకో మూలకు జరిగింది. ఆయన డ్రైవర్ వైపు వచ్చాడు.

"లియాఖత్, నువ్వు దిగు. నీ సీటు వంచు, పిల్లను దించుకుంట."

"నా సీటు వంగదు చాచా," అన్నాడు లియాఖత్ నసుగుతూ. "తుక్కుల వంగే సీటు ఒక్కటే దొరికింది." చెప్తుంటే వాడికి లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చి పెదవి వంకర పోయింది.

"నవ్వకు," అంది జులేఖా వాడి వైపు తిరగకుండానే. "నీ సంగతి తిరిగొచ్చినంక ఉన్నది. నాలుగు తలుపులూ ఉండేదాక నా ఇంట్ల నీకు బువ్వ లేదు."

వాడి పెదవి సర్దుకుంది. బాబా మియా బండి ముందు నుంచి తిరిగి జులేఖా వైపు వచ్చాడు. గంపలు కడుతున్న కూలీలు పని ఆపి చూస్తున్నారు. పెద్దమనిషి గొంతు తగ్గించాడు.

"భాభీ, జర లెవ్వు. పిల్ల దిగుతది."

జులేఖా రొట్టెల మూట ఒళ్లో సర్దుకుంది. మొదటిసారి ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

"గీ తలుపులు మూసింది నేను గాదు బాబా భాయ్. మీ మగోళ్లే మూసిండ్రు. ఇప్పుడు పిల్ల దిగాలంటే నేను లేవాలె. నేను ఆలంపూర్ల లేస్త," అంది. తర్వాత కొడుకుతో, "పోనియ్," అంది.